నాయనమ్మ శేరు: ఖరగ్‌పూర్ తెలుగిళ్ళ వంటలను భద్రపరచడం ఎలా?



నా చేతిలో ఉన్న ఈ నోటుపుస్తకం చూడండి. అట్ట ఊడిపోయింది. కాగితాల నిండా నూనె మరకలు, పసుపు అంటుకొన్న వేలిముద్రలు. ఇది మా నాయనమ్మ రాసుకొన్న వంటల పుస్తకం. 1950ల తొలి సంవత్సరాల్లో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో కూర్చుని తెలుగులో రాసుకొన్నది. ఇందులో ఆవకాయ పేజీలో పాతిక కాయలకు ఉప్పు మూడు శేర్లు అని ఉంది. ఆ ఒక్క మాట మా కుటుంబాన్ని మూడేళ్ళు తిప్పలు పెట్టింది. ఆ కథ చెబుతూనే ఈ రోజు పాఠం చెప్పుకొందాం.

ఇది వంట పాఠమా, సైన్సు పాఠమా అని మీకు సందేహం రావచ్చు. రెండూ ఒకటే. సొంత ఊరు వదిలి వచ్చిన కుటుంబాలు తమ వంటను ఎలా కాపాడుకొంటాయి, ఎక్కడ పోగొట్టుకొంటాయి, దాన్ని పోకుండా చేయడానికి విజ్ఞానశాస్త్రం ఏ విధంగా సాయపడుతుంది? ఈ మూడు ప్రశ్నలకు మనం జవాబులు వెతుకుదాం.

రైలుబాట వెంట వచ్చిన రుచులు

ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉంది. చాలామందికి ఈ ఊరు రెండు కారణాల వల్ల తెలుసు. ఒకటి, 1951లో హిజ్లీలో మొదలైన తొలి ఐ.ఐ.టి. రెండు, 1072 మీటర్ల పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం. ఒకప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైనదిగా దానికి పేరుండేది. తరువాత 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి.

కాని ఈ ఊరికి మూడో గుర్తింపు కూడా ఉంది. ఇక్కడి బజారులో నడుస్తుంటే తెలుగు వినిపిస్తుంది. కారణం రైలు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1893 నుంచి 1896 వరకు బెజవాడ, కటకం మధ్య తూర్పు తీరపు రైలుబాట వేశారు. కొద్ది ఏళ్ళలోనే ఆ బాట ఖరగ్‌పూర్ మీదుగా కలకత్తాతో కలిసింది. ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు వెలిసింది. దానికి పనివాళ్ళు కావాలి. నాటి మద్రాసు రాష్ట్రపు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, అంటే నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి, వేలమంది ఆ బాట పట్టుకొని ఇక్కడికి వచ్చారు. ఫిట్టర్లుగా, ఫైర్‌మన్‌లుగా, గ్యాంగ్‌మన్‌లుగా, గుమాస్తాలుగా స్థిరపడ్డారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1920లలో నడిపిన కార్మికోద్యమం ఈ బి.ఎన్.ఆర్. కార్మికులదే.

మా తాతయ్య 1938లో ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి వచ్చి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరారు. పెళ్ళయ్యాక నాయనమ్మ వచ్చింది. ఆమె వెంట తెచ్చుకొన్నది ఒక ట్రంకుపెట్టె, రెండు జాడీలు, ఒక ఇత్తడి సోల, కొంగున కట్టిన గోంగూర విత్తనాలు. ఆ విత్తనాలు క్వార్టర్ వెనుక పెరట్లో మొలిచాయి. చోడి అంబలి, గుమ్మడి వడియాలు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, ఉల్లిపాయల పులుసు, బెల్లం ఆవకాయ, ఇవన్నీ ఆ ఇంట్లోనే కొత్త ఊపిరి పోసుకొన్నాయి. రాగులను ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారని ఇతర ప్రాంతాల పిల్లలకు గుర్తు చేస్తున్నాను.

మూడు వేసవులు, మూడు జాడీలు

1993 జనవరిలో నాయనమ్మ పోయింది. ఆ ఏడాది మే నెలకు ఆమె పెట్టిన చివరి జాడీ అడుగంటింది. నేను అప్పటికి రసాయనశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. "ఈసారి మనమే పెడదాం" అన్నాను అమ్మతో.

అమ్మ మంచి వంటగత్తె. అయినా తటపటాయించింది. "అత్తయ్యగారు ఉప్పు, కారం కలిపేటప్పుడు నేనెప్పుడూ పక్కగదిలో ముక్కలు తుడుస్తూ ఉండేదాన్ని. ఆ పని ఆవిడ ఎవరికీ ఇచ్చేవారు కాదు" అంది. ఇరవై అయిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా ఆ ఒక్క ఘట్టం అమ్మ కళ్ళ ముందు జరగలేదు. "పుస్తకం ఉందిగా" అన్నాను నేను.

మూడు శేర్లు అని చదివాను. బెంగాల్‌లో పుట్టి పెరిగినవాడిని. శేరు అంటే ఎనభై తులాలు, 933 గ్రాములు అని బళ్ళో నేర్చుకొన్నాను. మూడు శేర్లంటే 2 కిలోల 800 గ్రాములు. తూచి పోశాను. "ఎక్కువేమో నాయనా" అంది అమ్మ. "లెక్క తప్పదమ్మా" అన్నాను. నెల తరువాత జాడీ విప్పితే ముక్క నోట పెట్టలేకపోయాం. పాతిక కాయలు, నూనె, కారం, అన్నీ మట్టిపాలు.

మరుసటి ఏడాది భయంతో ఉప్పును అరకిలోకి తగ్గించాం. మొదట్లో బాగానే ఉంది. జులై వానలు పడ్డాక జాడీ మూత తీస్తే పైన తెల్లటి బూజు. దాన్నీ పారబోశాం. అమ్మ ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. జాడీ కడిగి బోర్లించి, "ఇక కొనుక్కుందాం లే" అంది. నాయనమ్మ పోయిన రోజు కన్నా ఆ మాట విన్న రోజే నాకు ఎక్కువ దిగులేసింది.

మూడో వేసవిలో పక్క లైను క్వార్టర్‌లో ఉండే ఒక పెద్దామెకు పుస్తకం చదివి వినిపించాను. ఆమెదీ శ్రీకాకుళం వైపే. ఆమె నవ్వి, "ఓలమ్మా! అది మన ఊరి శేరు. ఈ దేశపు శేరు కాదు. వీశెకు అయిదు శేర్లు" అంది.

అప్పుడు తెలిసింది. మద్రాసు రాష్ట్రపు తూకంలో శేరు అంటే 24 తులాలే. మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక శేరు, అయిదు శేర్లు ఒక వీశె. తులం 11.66 గ్రాములు కనుక ఆ శేరు సుమారు 280 గ్రాములు. మూడు శేర్లు 840 గ్రాములు. పేరు ఒకటే; బెంగాల్ శేరు మద్రాసు శేరుకు మూడు రెట్లకు పైగా పెద్దది. నాయనమ్మ బెంగాల్‌లో ఉంటూ కూడా తన పుస్తకంలో పుట్టింటి తూకమే రాసుకొంది. ఆ తూకం ఏ ఊరిదో రాయాలని ఆమెకు తోచలేదు. ఎందుకు తోచాలి? ఆమెకు శేరు అంటే ఒకటే.

1956లో మన దేశం మెట్రిక్ తూనికల చట్టం చేసింది. 1960లలో కిలోలు, లీటర్లు ఇంటింటికీ వచ్చాయి. వ్యాపారానికి ఎంతో మేలు జరిగింది. అదే సమయంలో పాత వంటపుస్తకాలు మనకు అర్థం కాని భాషలోకి వెళ్ళిపోయాయి. ప్రమాణం పేరు రాస్తే సరిపోదు, ఏ ప్రమాణమో రాయాలి. భౌతికశాస్త్రంలో మీరు నేర్చుకొనే మొదటి పాఠం ఇదే కదా!

జాడీలో ఏం జరుగుతుంది?

ఇప్పుడు శాస్త్రం చూద్దాం. పాతిక కాయలకు మాకు దాదాపు 5 కిలోల ముక్కలు వచ్చాయి. 840 గ్రాముల ఉప్పు అంటే ముక్కల బరువులో ఆరో వంతు. రెండో ఏడు మేము వేసింది పదో వంతు. ఈ తేడాకే బూజు ఎందుకు పట్టింది?

సూక్ష్మజీవులు పెరగడానికి నీరు కావాలి. పదార్థంలో నీరు ఎంత ఉందన్నది ముఖ్యం కాదు. ఆ నీరు వాటికి ఎంత అందుబాటులో ఉందన్నది ముఖ్యం. ఈ అందుబాటునే వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి దీని విలువ 1. ఉప్పు వేస్తే దాని అయాన్లు నీటి అణువులను పట్టి ఉంచుతాయి, విలువ తగ్గుతుంది. 0.91 కన్నా తగ్గితే ఎక్కువ రకాల బాక్టీరియా పెరగలేవు. బూజులు ఇంకా మొండివి. చాలా బూజులను ఆపడానికి 0.80 వరకు దించాలి. ఆవకాయలో ఉప్పుతో పాటు పొడి కారం, పొడి ఆవపిండి కూడా నీటిని పీల్చుకొంటాయి. ద్రవాభిసరణం వల్ల ముక్కలోంచి రసం బయటికి వస్తుంది, ఉప్పు లోపలికి పోతుంది.

రెండో కాపలాదారు పులుపు. పచ్చి మామిడి రసం పి.హెచ్. 3 దగ్గర ఉంటుంది. 4.6 కన్నా తక్కువ పి.హెచ్. ఉంటే బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే విషాన్ని తయారుచేసే బాక్టీరియా పెరగలేదు. అందుకే పుల్లటి కాయే ఊరగాయకు మంచిదని పెద్దలు పట్టుబట్టేవారు.

మూడో కాపలాదారు ఆవ. ఎండు ఆవపిండిని వాసన చూడండి, పెద్ద ఘాటు ఉండదు. తడి తగలగానే అందులోని మైరోసినేజ్ అనే ఎంజైమ్, సినిగ్రిన్ అనే పదార్థాన్ని విడగొట్టి అల్లైల్ ఐసోథయోసయనేట్‌ను తయారుచేస్తుంది. ముక్కు అదిరేది దాని వల్లే. సూక్ష్మజీవులకు కూడా అది పడదు. కాగే నూనె పోస్తే ఎంజైమ్ నశిస్తుంది. మా ఇంట్లో ఆవకాయకు పచ్చి నూనే పోస్తారు. ఇందులో ఇంత రహస్యం ఉంది.

నాలుగోది నూనె. పైన నిలిచిన నూనె గాలిని రానివ్వదు. బూజుకు ఆక్సిజన్ కావాలి. ముక్క నూనెలో మునిగి ఉండాలని, మూడోనాడు తిరగకలపాలని, తడి గరిటె పెట్టకూడదని, జాడీకి వాసెన కట్టాలని చెప్పే ప్రతి నియమం వెనుకా ఒక కారణం ఉంది. మేము కారణాలు తెలియక అంకెను మాత్రమే పట్టుకొన్నాం. అంకె తప్పగానే అంతా తప్పింది. కారణం తెలిసి ఉంటే రెండో ఏడాదే తప్పు దొరికేది.

ఇరుగుపొరుగు వంటిల్లు

వలస వచ్చిన వంట మారకుండా ఉంటుందా? ఉండదు. మా ఇంటి సంగతే చూడండి. నాయనమ్మ ఆవకాయకు నువ్వులనూనె వాడేది. ఖరగ్‌పూర్‌లో ఆవనూనె సులువుగా దొరుకుతుంది. అమ్మ 1995 నుంచి సగం సగం కలిపింది. ఇప్పుడు మా పిల్లలకు అదే మా ఇంటి రుచి.

వడియాల కథ ఇంకా బాగుంటుంది. మా పల్లెలో వడియాలు వేసవిలో పెట్టేవారు. బెంగాల్‌లో చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం దాటాక కాలబైశాఖి గాలివానలు విరుచుకు పడతాయి. ఎండబెట్టిన వడియాలన్నీ తడిసి ముద్దయ్యేవి. పొరుగింటి బెంగాలీ కాకీమా చలికాలంలో బొడి పెట్టేది. అదీ మినపప్పే, అదీ బూడిద గుమ్మడికాయే. చలికాలపు పొడి ఎండలో చక్కగా ఆరతాయి. నాయనమ్మ కూడా వడియాలను పుష్యమాసానికి మార్చుకొంది. మేదినీపూర్ ప్రాంతంలో గసగసాల మీద నగల ఆకారంలో పిండిని చుట్టి గయనా బొడి పెడతారు. ఆ పనితనం చూసి నాయనమ్మ మురిసిపోయేదని అమ్మ చెబుతుంది.

పోలికలు ఇంకా ఉన్నాయి. మన చద్దన్నం బెంగాలీలకు పాంతా భాత్, ఒడియా వారికి పఖాళ. మూడింటిలోనూ రాత్రంతా పని చేసేది లాక్టిక్ ఆమ్ల బాక్టీరియానే. మన మామిడి తాండ్ర వారి ఆమసత్తొ. మన ఆవపెట్టిన కూరలోని ఘాటూ, వారి కాసుందీలోని ఘాటూ ఒకే రసాయన చర్య. కంద దురదను మనం చింతపండుతో అదుపు చేస్తాం. వారూ ఓల్ కూరలో పులుపు వేస్తారు. దురదకు కారణం సూదుల్లాంటి కాల్షియం ఆగ్జలేట్ స్ఫటికాలు.

కాబట్టి భద్రపరచడం అంటే వంటను కదలనీయకుండా కట్టివేయడం కాదు. ఏది ఎప్పుడు, ఎందుకు మారిందో తేదీతో సహా రాసి ఉంచడం. అప్పుడు పాత రుచి కావాలన్నవారు వెనక్కి వెళ్ళగలరు, కొత్తది నచ్చినవారు ముందుకు పోగలరు.

సముద్రం అవతల ఇలాంటి కథే

ఇది మన ఒక్కరి సమస్య కాదు. మలక్కా, పెనాంగ్, సింగపూర్‌లలో పెరనకన్ అనే సముదాయం ఉంది. చైనా నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారుల సంతతి వారు. మలయా రుచులు, చైనా రుచులు కలిసి వారి వంట తయారైంది. వారి ఇళ్ళలో కొలతకు ఆగక్-ఆగక్ అంటారు. మన ఉజ్జాయింపు, చేతివాటం లాంటి మాట అది. చూసి, వాసన పట్టి వేయడమే కాని తూచడం లేదు. ఈ విద్య రాతలోకి రావలసిన అవసరం అక్కడా వచ్చింది. సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ తల్లి 1974లో తన వంటల పుస్తకాన్ని ప్రచురించారు.

వారి ప్రసిద్ధమైన వంటల్లో ఒకటి బువా కెలువాక్ అనే గింజతో చేసే కోడికూర. పచ్చి గింజలో ప్రాణాంతకమైన సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. గింజలను ఉడికించి, బూడిదలోనూ మట్టిలోనూ రోజుల తరబడి పాతిపెట్టి, మళ్ళీ నానబెట్టి ఆ విషాన్ని పోగొడతారు. ఆ వరుసలో ఒక మెట్టు మరచిపోతే పోయేది రుచి ఒక్కటే కాదు, ప్రాణం కూడా. వంట విద్యను పూర్తిగా, కారణాలతో సహా అందించాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

2003లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణకు ఒప్పందం చేసింది. 2013లో కొరియా వారి కిమ్చీ ఊరవేసి పంచుకొనే సంప్రదాయం ఆ జాబితాలోకి ఎక్కింది. మన దేశంలో ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇవి సంతోషించదగినవే. అయితే భౌగోళిక గుర్తింపు ఒక ఊరి ఉత్పత్తికి వర్తిస్తుంది. రైల్వే క్వార్టర్‌లోని నాయనమ్మ జాడీకి అది రాదు. దాన్ని మనమే చూసుకోవాలి.

చేతి కొలతను పట్టుకోవడం ఎలా?

మా అక్క కొడుకు కెనడాలో ఉంటాడు. రెండేళ్ళ కిందట ఆవకాయ ఎలా పెట్టాలని అడిగాడు. ఈ పేజీకి ఫొటో తీసి పంపాను. "మామయ్యా, నాకు తెలుగు చదవడం రాదు కదా" అని జవాబిచ్చాడు. వాడు చదివింది ఇంగ్లీషు, హిందీ, కొంత బెంగాలీ. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అది మనకు గౌరవం. కాని ఇంట్లో చదవడం నేర్పకపోతే ఈ పుస్తకం మరోసారి మూసుకుపోతుంది. మొదట తూకం వల్ల, ఇప్పుడు లిపి వల్ల.

అందుకని ఈ మధ్య నేను అమ్మ దగ్గర కూర్చుని మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. అమ్మకు ఎనభై దగ్గర పడుతోంది. నేను పాటిస్తున్న పద్ధతి మీకు చెబుతాను.

మొదటిది, వండేవారి చేతిని ఆపకండి. "ఎంత?" అని అడిగితే వారు తడబడతారు. ఉప్పు డబ్బాను ముందు తూచండి. వారిని వారి అలవాటు ప్రకారం వేయనివ్వండి. తరువాత డబ్బాను మళ్ళీ తూచండి. తేడాయే కొలత. ఇలా అమ్మ పిడికెడు ఉప్పును మూడుసార్లు తూచాను. 61, 63, 60 గ్రాములు వచ్చాయి. తేడా అయిదు శాతం లోపే. ఉజ్జాయింపు అని మనం చులకనగా అంటాం కాని, అది అరవై ఏళ్ళ అభ్యాసంతో తయారైన పరికరం.

రెండోది, పాత పాత్రలను కొలవండి. సోల, గిద్ద, తవ్వ, మానిక ఇవన్నీ పరిమాణపు కొలతలు, బరువులు కావు. ప్రాంతాన్ని బట్టి మారతాయి. మీ ఇంటి సోలను నీటితో నింపి ఆ నీటిని తూచండి. ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. ఒకే సోలలో రాళ్ళుప్పు, మెత్తటి ఉప్పు ఒకే బరువు తూగవు. మెత్తటిది ఎక్కువ పడుతుంది. కనుక ఏ ఉప్పో రాయండి.

మూడోది, అంకెలను నిష్పత్తిగా కూడా రాయండి. కాయలు చిన్నవి కావచ్చు, పెద్దవి కావచ్చు. ముక్కల బరువులో ఉప్పు ఎన్నో వంతు అన్నది మారదు.

నాలుగోది, గుర్తులను రాయండి. పోపులో ఆవాలు చిటపటలాడటం ఆగాక, పాకం వేలికి తీగ సాగాక, పిండి పొంగి పుల్లటి వాసన వచ్చాక. ఇవి కూడా కొలతలే.

అయిదోది, వారి మాటలను వారి గొంతులోనే సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. టెంక, జీడి, వాసెన, తిరగకలపడం లాంటి మాటలు వంటతో పాటే బతుకుతాయి. తరువాత ఆ వంటను రెండు లిపుల్లో రాయండి. ఒకటి తెలుగు, రెండోది మీ ఇంటి చిన్నపిల్లలు చదవగలిగినది.

ఆరోది, ఎవరు చెప్పారు, ఏ ఊరివారు, ఏ తేదీన అన్నది తప్పక రాయండి. బయటివారికి ఇచ్చే ముందు వారి అనుమతి అడగండి. కొన్ని ఇళ్ళలో కొన్ని వంటలు ఇంటివారికే పరిమితం. ఆ ఇష్టాన్ని గౌరవించాలి.

చివరిగా, రాసినదాన్ని చూసి మరొకరు వండాలి. అప్పుడే మీ రాత సరైనదో కాదో తేలుతుంది. మీ ప్రయోగశాల రికార్డును మరొకరు చదివి అదే ఫలితం రాబట్టగలగాలి కదా! మా అక్క కొడుకు నేను పంపిన కొత్త కాగితం చూసి అక్కడ దొరికిన పచ్చి మామిడికాయలతో ఒక చిన్న సీసా పెట్టాడు. ఉప్పు సరిపోయిందని, ఆవ ఘాటు తగ్గిందని రాశాడు. ఆవపిండి పాతదేమో కనుక్కొమ్మన్నాను. ఈ వేసవిలో తాజా ఆవాలు దంచి మళ్ళీ పెడతానన్నాడు.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారు చేసే ఒక వంటను ఎంచుకోండి. పైన చెప్పిన పద్ధతిలో ఒక పేజీ రాయండి. అందులో కనీసం ఒక నియమానికి మీ పాఠ్యపుస్తకం ఆధారంగా శాస్త్రీయ కారణం వెతకండి. దొరకకపోతే మీ సైన్సు ఉపాధ్యాయులను అడగండి. పేజీ పూర్తయ్యాక ఆ పెద్దవారికి చదివి వినిపించండి. వారు "అది కాదు, ఇలా" అని దిద్దితే ఆ దిద్దుబాటును కొట్టివేయకుండా తేదీ వేసి పక్కనే రాయండి. ఈ పనిని సెలవుల దాకా వాయిదా వేయకండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.